శ్రీహరికోట రాకెట్టు, తీరప్రాంతపు పిల్లలు

బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన ఇసుకదీవి శ్రీహరికోట. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో అది తిరుపతి జిల్లా పరిధిలోకి వెళ్లినా, అక్కడి రాకెట్టు కేంద్రపు తొలి అర్ధశతాబ్దం దాదాపు పూర్తిగా నెల్లూరు జిల్లాలోనే గడిచింది; జనం వాడుకలో ఇప్పటికీ అది నెల్లూరు తీరమే. ఈ తీరంలో రాకెట్టు తయారైన చరిత్ర, నింగికి ఎగసిన చరిత్ర గ్రంథాలకెక్కాయి. ఆ రాకెట్టును పిల్లలకు ఎవరు, ఎప్పుడు, ఎంత దూరం నుంచి చూపించారన్న చరిత్ర మాత్రం అంతగా పరిశీలనకు రాలేదు. పిల్లలు స్వయంగా తాకి, తిప్పి, విప్పి, మళ్లీ అమర్చి తెలుసుకునే ప్రదర్శనశాలను ఈ తీరంలో నెలకొల్పాలన్న ఆలోచనకు మూలాలు ఈ చివరి చరిత్రలోనే ఉన్నాయి. ఈ రాకెట్టు కేంద్రాన్ని తలపెట్టిన విక్రమ్ సారాభాయ్ మనసులో ఆ ఆలోచన మొదటి నుంచీ ఉన్నదనీ, ఆచరణలో అది అర్ధశతాబ్దం వెనకబడి ఇప్పటికి సగం దారిలోనే ఉన్నదనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాకెట్టుకు పూర్వం శ్రీహరికోట అడవి. మద్రాసు నగరానికి వంటచెరకు పంపిన ప్రాంతాల్లో ఈ దీవి ముఖ్యమైనది. పంతొమ్మిదో శతాబ్దంలో కోరమండల్ తీరం వెంబడి తవ్విన బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో కట్టెలు దక్షిణానికి సాగేవి. తరువాతి కాలంలో సరుగుడు, నీలగిరి తోటలు కూడా దీవిలో పెరిగాయి. ఆ అడవిలో తరతరాలుగా బతికినవారు యానాదులు. తేనె తీయడం, దుంపలు తవ్వడం, చేపలు పట్టడం, మందుమొక్కలు సేకరించడం వారి జీవనాధారం. అటవీ శాఖ దీవిని తన అధీనంలోకి తీసుకున్నాక కట్టె కొట్టే కూలీలుగానూ, అటవీ ఉత్పత్తులు సేకరించి ఇచ్చేవారుగానూ పనిచేశారు. ఏ మొక్క ఎక్కడ మొలుస్తుందో, ఏ కాలంలో సరస్సు ఉప్పదనం పెరుగుతుందో, గాలి ఏ దిక్కుకు ఎప్పుడు తిరుగుతుందో చెప్పగల జ్ఞానం వారిది. దీవిలోకి రాకెట్టు కేంద్రం వచ్చినప్పుడు వారు తమ ఆవాసాలను వదులుకోవలసి వచ్చింది. అంతరిక్ష చరిత్ర రాసేవారు ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో దాటిపోతుంటారు. ఆ దీవి గురించి పిల్లలకు చెప్పే ఏ ప్రదర్శనశాల అయినా అలా దాటిపోతే అది అసంపూర్ణ చరిత్ర అవుతుంది.

భారత రాకెట్టు ప్రయోగాలు 1963 నవంబరు 21న కేరళ తీరంలోని తుంబా నుంచి మొదలయ్యాయి. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల తుంబా వాతావరణ పరిశోధనకు అనువైనది; ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టే పెద్ద రాకెట్లకు మాత్రం అది సరిపోదు. దాని కారణం భౌగోళికమైనది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కనుక తూర్పు దిశగా ప్రయోగించిన రాకెట్టుకు ఆ భ్రమణ వేగం అదనపు బలంగా కలిసివస్తుంది. శ్రీహరికోట ఉన్న అక్షాంశం దగ్గర ఈ వేగం సెకనుకు దాదాపు 450 మీటర్లు. భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం నిలవడానికి సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగం కావాలి గనుక, అందులో ఈ భాగం ఖర్చు లేకుండా దొరికినట్టే. అయితే తూర్పుకు ప్రయోగించాలంటే తూర్పున జనావాసాలు ఉండకూడదు. విడివడిన రాకెట్టు దశలు సముద్రంలోనే పడాలి. అందుకని దేశపు తూర్పు తీరంలో స్థలం అన్వేషించే పనిని విక్రమ్ సారాభాయ్ తన సహచరుడు ఏక్‌నాథ్ చిట్నిస్‌కు అప్పగించారు. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పరిశ్రమల శాఖలో ఉన్నతాధికారిగా ఉన్న ఆబిద్ హుస్సేన్ సహకారంతో శ్రీహరికోట వెలుగులోకి వచ్చింది, 1969లో ఎంపిక ఖాయమైంది. సుమారు 43,000 ఎకరాల విస్తీర్ణం, 50 కిలోమీటర్ల సముద్రతీరం, చుట్టూ నీరు, తక్కువ జనాభా: రక్షణ వలయం అవసరమైన ప్రయోగ కేంద్రానికి ఇంతకంటే అనువైన చోటు మరొకటి కనిపించలేదు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్టుతో ఈ కేంద్రం పని మొదలైంది. వాతావరణపు పైపొరలకు పరికరాలను మోసుకుపోయి, కొలతలు పంపి, తిరిగి కింద పడిపోయే రాకెట్టును సౌండింగ్ రాకెట్టు అంటారు. ఆ ఏడాది ముగియకముందే, డిసెంబరు 30న, సారాభాయ్ కన్నుమూశారు.

ఆయన జీవితంలోని మరో పనిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. శ్రీహరికోట ఎంపికకు మూడేళ్ల ముందు, 1966లో, సారాభాయ్ అహ్మదాబాదులో కమ్యూనిటీ సైన్స్ సెంటర్‌ను నెలకొల్పారు. పాఠశాల పిల్లలు, ఉపాధ్యాయులు, సామాన్య పౌరులు స్వయంగా ప్రయోగాలు చేసి విజ్ఞానశాస్త్రాన్ని అర్థం చేసుకోవాలన్నది దాని లక్ష్యం. 1968 డిసెంబరు 22న ఆ కేంద్రానికి జరిగిన శంకుస్థాపన సందర్భంగా సి.వి. రామన్ ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందన్న విషయం మీద ప్రసంగించారు. నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త ఒక పసిపిల్లవాడి ప్రశ్నను ఎంచుకొని, అందులోంచి భౌతికశాస్త్రపు లోతుల్లోకి వినేవారిని తీసుకుపోవడం ఆ సంస్థ స్వభావానికి సరిగ్గా తగినట్టు ఉంది. ఉపగ్రహాల ద్వారా పల్లెలకు చదువు అందించాలని కలగన్న సారాభాయ్ దృష్టిలో రాకెట్టు ప్రయోగ కేంద్రమూ, పిల్లల ప్రయోగశాలా వేర్వేరు వ్యాపకాలు కావు. ఆయన మరణంతో మొదటిది నెల్లూరు తీరంలో, రెండోది గుజరాతులో, ఒకదానితో ఒకటి కలవకుండా పెరిగాయి. ఆయన మరో ఇరవై ఏళ్లు జీవించి ఉంటే సూళ్లూరుపేటలో అహ్మదాబాదు కేంద్రం వంటిది మరొకటి వెలసి ఉండేదని ఊహించడం అతిశయోక్తి కాదు.

ప్రపంచంలో ఈ రకం ప్రదర్శనశాలల చరిత్ర కూడా అదే కాలంలో మలుపు తిరిగింది. యంత్రాన్ని గాజుపెట్టెలో ఉంచి కింద పేరు రాసి పెట్టే పాత పద్ధతికి బదులు, మీట నొక్కితే కదిలే నమూనాలను పెట్టడం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లోనే జర్మనీలో మొదలైంది. ఆస్కార్ ఫాన్ మిల్లర్ 1903లో మ్యూనిక్ నగరంలో స్థాపించిన డాయిచెస్ మ్యూజియం దానికి ప్రసిద్ధి. లండన్ సైన్స్ మ్యూజియం 1931లో పిల్లలకోసం ప్రత్యేక విభాగాన్ని తెరిచింది. అయితే మీట నొక్కడం వేరు, ప్రయోగం చేయడం వేరు. మీట నొక్కిన పిల్లవాడికి ప్రతిసారీ ఒకే ఫలితం కనిపిస్తుంది. ప్రయోగం చేసే పిల్లవాడు ఏదో ఒకటి మార్చి చూస్తాడు, తప్పుతాడు, మళ్లీ చేస్తాడు. ఈ తేడాను పునాదిగా తీసుకొని భౌతికశాస్త్రవేత్త ఫ్రాంక్ ఒపెన్‌హైమర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లోరటోరియం అనే ప్రదర్శనశాలను తెరిచింది సరిగ్గా 1969లో, అంటే శ్రీహరికోట ఎంపికైన ఏడాదే. మన దేశంలో కలకత్తాలోని బిర్లా పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం 1959లోనే పనిచేయడం మొదలుపెట్టి, 1965 నుంచి బస్సుల్లో సంచార ప్రదర్శనలను పల్లెలకు పంపింది. అటువంటి సంస్థలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చేందుకు 1978లో జాతీయ విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలల మండలి ఏర్పడింది. ఆ మండలి నడిపే ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993లో తిరుపతిలో తెరుచుకున్నాక, నెల్లూరు జిల్లా పిల్లలకు చేతితో చేసి చూసే ప్రదర్శనలు కొంత దగ్గరయ్యాయి. రాకెట్టు ఎగిరే ఊరి పిల్లలు రాకెట్టు సూత్రం నేర్చుకోవడానికి కొండ ఉన్న ఊరికి ప్రయాణం చేయవలసి రావడం మాత్రం ఈ చరిత్రలోని లోటును పట్టి చూపుతుంది.

శ్రీహరికోట లోపల ఏళ్ల తరబడి కంచె, అనుమతిపత్రం, భద్రతా సిబ్బంది తప్పనిసరి అయ్యాయి. అందుకు బలమైన కారణమే ఉంది. ప్రయోగ కేంద్రమంటే కేవలం రాకెట్టును నిలబెట్టే వేదిక కాదు. అక్కడ ఘన ఇంధన కర్మాగారం, ఇంజన్లను నేలమీదే మండించి పరీక్షించే కేంద్రం, ద్రవ ఇంధన నిల్వలు ఉన్నాయి. మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను అందించే అమ్మోనియం పర్‌క్లోరేట్, వేడిని పెంచే అల్యూమినియం పొడి, ఈ రెండింటినీ పట్టి ఉంచే రబ్బరు వంటి బంధకం కలిపి పోతపోసిన దిమ్మెను ఘన ఇంధనం అంటారు. దీపావళికి కాల్చే తారాజువ్వలో మందు ఎలా కూరతారో అదే సూత్రం, కాని ఇక్కడి దిమ్మె టన్నుల్లో ఉంటుంది. ఒకసారి అంటుకుంటే ఆర్పడానికి వీలుండదు. 2004 ఫిబ్రవరి 23న ఈ కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు ఉద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి చోటికి పిల్లలను స్వేచ్ఛగా రానివ్వలేకపోవడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే రాకెట్టు దగ్గరికి రానివ్వకపోవడం అవసరమే గాని, రాకెట్టు విద్యను కంచె బయటికి పంపకపోవడం అవసరం కాదు. తొలి దశకాల్లో ఈ రెండింటికీ తేడా స్పష్టంగా కనిపించలేదు.

కంచె బయట ఉన్న జనం మాత్రం తమ పద్ధతిలో తాము చూశారు. పులికాట్ గట్ల మీది పల్లెలు, సూళ్లూరుపేట మేడలు, తడ చుట్టుపక్కల చెరువు కట్టలు ప్రయోగం రోజున చూపరులతో నిండేవి. ప్రమాద వలయంలోకి వెళ్లవద్దని మత్స్యకారులకు ముందుగా హెచ్చరిక రావడం వల్ల ప్రయోగం తేదీ తీరమంతటికీ తెలిసిపోయేది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమై రాకెట్టు సముద్రంలో పడింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం మూసుకోకుండా ఇరుక్కుపోవడంతో నైట్రిక్ ఆమ్లం కారిపోయి, రాకెట్టు దిశ తప్పింది. పథక సంచాలకుడిగా ఉన్న అబ్దుల్ కలాంకు అండగా నిలిచి అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధవన్ ఆ వైఫల్యానికి బాధ్యత తనమీద వేసుకున్నారు. మరుసటి ఏడాది, 1980 జులై 18న, 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు ఉన్న అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినప్పుడు విజయ వార్త మరుగున వైఫల్యపు పాఠం దాదాపు పోయింది. పిల్లలకు బోధించదగినది ఆ ఇరుక్కుపోయిన కవాటమే. దాని నమూనాను తెరిచి మూసి, ఎక్కడ చిక్కుకున్నదో తమంతట తాము కనిపెట్టగల పిల్లలు ఒక ఇంజనీరు ఆలోచనకు చాలా దగ్గరగా వస్తారు. 1993 సెప్టెంబరు 20న విఫలమైన తొలి పీఎస్‌ఎల్‌వీ విషయంలో లోపం చాలా వరకు యంత్రం కంటే ఆదేశాల్లో, అంటే రాకెట్టును నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదని తేలింది. మరుసటి ఏడాది అక్టోబరు 15న రెండో ప్రయోగం ఫలించింది. ఈ రెండు జంట ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూపితే చాలు, ఓటమికీ గెలుపుకూ మధ్య ఏం జరుగుతుందో పాఠ్యపుస్తకం చెప్పలేనంత బాగా తెలుస్తుంది.

ధవన్ పేరు 2002 సెప్టెంబరు 5న ఈ కేంద్రానికి పెట్టారు. అంతకుముందు దాని పేరు శ్రీహరికోట హై ఆల్టిట్యూడ్ రేంజ్, సంక్షిప్తంగా షార్. స్థానికుల నోట ఇప్పటికీ అది షారే. గాలి ప్రవాహాలను అధ్యయనం చేసిన ధవన్ పులికాట్ మీదికి వచ్చే పక్షుల ఎగిరే తీరును శ్రద్ధగా గమనించి, పక్షుల ఎగురుడు గురించి శాస్త్రీయ గ్రంథం రాశారు. సూళ్లూరుపేటకు దగ్గరలోని నేలపట్టులో గూడబాతులు గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. సరస్సు లోతు తక్కువ నీళ్లలో ఫ్లెమింగోలు మేత వెతుక్కుంటాయి. రెక్క మీదుగా, కిందుగా గాలి ఎలా ప్రవహిస్తే పక్షి పైకి లేస్తుందో, అదే సూత్రం విమానానికి ఎంతవరకు వర్తిస్తుందో, గాలి లేని అంతరిక్షంలో రెక్క ఎందుకు పనికిరాదో, అక్కడ వెనక్కి చిమ్మే వాయువే రాకెట్టును ఎందుకు ముందుకు నెడుతుందో ఒకే సరస్సు ఒడ్డున నిలబడి వివరించగల చోటు దేశంలో ఇంకొకటి లేదు. విమానయానాన్నీ అంతరిక్షాన్నీ కలిపి బోధించాలనుకునే పిల్లల ప్రదర్శనశాలకు ఇంతకు మించిన ఆరంభ పాఠం వెతకనక్కరలేదు.

విద్యను బయటికి పంపే ప్రయత్నం మెల్లగా మొదలైంది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ కక్ష్యలోకి చేరిన రోజు మొదలు, 1967 అక్టోబరు 10న అంతరిక్ష ఒప్పందం అమలులోకి వచ్చిన రోజు వరకు గల వారాన్ని ప్రపంచ అంతరిక్ష వారోత్సవంగా జరపాలని ఐక్యరాజ్య సమితి 1999లో ప్రకటించింది. శ్రీహరికోట కేంద్రం ఏటా అక్టోబరులో ఆ వారోత్సవాలను రాష్ట్రంలోని వివిధ పట్టణాలకు తీసుకుపోయి, రాకెట్ల, ఉపగ్రహాల నమూనాలతో ప్రదర్శనలు, విద్యార్థులకు పోటీలు నిర్వహిస్తూ వస్తోంది. ఆ ప్రదర్శన ఒక ఊళ్లో కొద్దిరోజులు మాత్రమే ఉంటుంది. తిరిగి వచ్చి చూసుకునే వీలు పిల్లలకు ఉండదు. స్థిరమైన ప్రదర్శనశాలకూ సంచార ప్రదర్శనకూ ఉన్న ముఖ్యమైన తేడా అదే. 2019లో ఇస్రో ప్రారంభించిన యువికా కార్యక్రమం తొమ్మిదో తరగతి విద్యార్థులను సుమారు రెండు వారాలపాటు తన కేంద్రాల్లో ఉంచుకొని ప్రయోగాలు చేయిస్తుంది. తరువాత ఆ కేంద్రాల్లో శ్రీహరికోట కూడా చేరింది. ఎంపికైన కొద్దిమందికి అది గొప్ప అవకాశమే. ఎంపిక కాని పిల్లల సంఖ్యే ఎప్పుడూ ఎక్కువ.

ఈ వరుసలో ప్రభుత్వ సంస్థల కృషికి తోడుగా తెలుగునాట జన విజ్ఞాన వేదిక చేసిన పని కూడా చెప్పుకోవాలి. 1988లో ఏర్పడిన ఈ సంస్థ నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో చురుగ్గా పాల్గొన్నది. దూబగుంట పేరుతో చరిత్రకెక్కిన సారా వ్యతిరేక పోరాటం ఆ అక్షరాస్యతా వాతావరణంలోంచే పుట్టింది. అదే సంస్థ పిల్లలకోసం చెకుముకి అనే విజ్ఞాన మాసపత్రికను, అదే పేరుతో ప్రతిభా పరీక్షలను నడుపుతూ, ఖర్చు లేని వస్తువులతో చేసే ప్రయోగాలను ప్రభుత్వ పాఠశాలల్లోకి తెచ్చింది. ఖాళీ సీసా, సైకిలు ట్యూబు కవాటం, గాలి పంపు, కొంచెం నీరు ఉంటే నీటి రాకెట్టు తయారవుతుంది. నీటి పరిమాణం మార్చినప్పుడల్లా అది ఎగిరే ఎత్తు మారుతుంది, మరీ ఎక్కువ నీళ్లు పోస్తే అసలు లేవదు. ఎందుకన్న ప్రశ్నే రాకెట్టు విద్యలో మొదటి అధ్యాయం. నెల్లూరు తీరంలో చేతితో నేర్చుకునే పద్ధతికి సామాజిక పునాది ఇప్పటికే ఉన్నదనడానికి ఈ ఉద్యమం సాక్ష్యం.

2019 మార్చి 31న శ్రీహరికోటలో ప్రయోగ వీక్షణ గ్యాలరీ ప్రారంభమైంది. సుమారు ఐదువేల మంది కూర్చోగల ఈ మెట్ల గ్యాలరీ నుంచి మరుసటి రోజు, ఏప్రిల్ 1న, పీఎస్‌ఎల్‌వీ-సి45 ప్రయోగాన్ని సామాన్య జనం తొలిసారిగా కంచె లోపలి నుంచి చూశారు. అంతరిక్ష వనం పేరుతో చేపట్టిన ఏర్పాటులో ఈ గ్యాలరీతోపాటు రాకెట్ల నమూనాలను నిలబెట్టిన రాకెట్టు ఉద్యానం, అంతరిక్ష మ్యూజియం భాగాలు. ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి ప్రవేశం ఉంటుంది. పులికాట్ గట్టు మీద నిలబడి పొగచార మాత్రమే చూసిన తరాల తరువాత, వారి మనుమలు రాకెట్టు ఉరుమును ఛాతీలో అనుభవించగల దూరంలో కూర్చోవడం చిన్న మార్పు కాదు. ఆ ఏడాది జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగానికి 56 నిమిషాల 24 సెకన్ల ముందు సాంకేతిక లోపం కనిపించి కౌంట్‌డౌన్ ఆపివేసినప్పుడు గ్యాలరీలోని జనం నిరాశతో తిరిగి వెళ్లారు; వారం తరువాత, జులై 22న, ప్రయోగం జయప్రదమైంది. కౌంట్‌డౌన్ అంటే వెనక్కి అంకెలు లెక్కపెట్టడం మాత్రమే అనుకునేవారికి, అది వేలకొద్దీ తనిఖీల వరుస అనీ, ఒక్క తనిఖీ సరిగా లేకపోయినా ఆపడమే సరైన నిర్ణయమనీ ఆ రాత్రి అర్థమై ఉండాలి. అయితే ఆ అర్థాన్ని అక్కడికక్కడే పిల్లల చేత ఒక నకలు నియంత్రణ గదిలో చేయించి చూపే ఏర్పాటు ఉన్నప్పుడే గ్యాలరీ పూర్తిగా విద్యాలయమవుతుంది. కోవిడ్ కాలంలో గ్యాలరీ మూతపడి, ప్రయోగాలు మళ్లీ చూపరులు లేకుండా సాగాయి.

రాకెట్టు నమూనాను ఆరుబయట నిలబెట్టడానికీ, దాన్ని పిల్లలకు అందించడానికీ మధ్య దూరం ఎంతటిదో మన ఇతర నగరాల అనుభవం చెబుతుంది. తుంబాలో తొలి రాకెట్లను కూర్చిన మేరీ మగ్దలీన్ చర్చి భవనమే తరువాత అంతరిక్ష మ్యూజియం అయింది. చరిత్ర జరిగిన గదిలోనే చరిత్రను చెప్పడం దాని విశిష్టత. హైదరాబాదులో బిర్లా సైన్స్ సెంటర్ 1985లో నక్షత్రశాలతో మొదలై, 1990లో విజ్ఞాన ప్రదర్శనశాలను, 2019లో ఇస్రో సహకారంతో అంతరిక్ష మ్యూజియాన్ని చేర్చుకున్నది. విశాఖపట్నం సాగరతీరంలో నౌకాదళం నుంచి విరమించిన టీయూ-142 విమానాన్ని 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా మార్చారు. పిల్లలు అసలు విమానం లోపలికి అడుగుపెట్టి చూడగలగడం వల్ల అది ఏ నమూనా ఇవ్వలేని అనుభవం ఇస్తుంది. ఈ మూడింటిలోనూ ఒక్కొక్క బలం ఉంది: తుంబాకు స్థలం, హైదరాబాదుకు బోధన, విశాఖకు అసలు యంత్రం. ఈ మూడూ కలిసే అవకాశం శ్రీహరికోటకు మాత్రమే ఉంది.

పిల్లలు చేతులతో చేసిన పని శ్రీహరికోట నుంచి ఇప్పటికే అంతరిక్షంలోకి వెళ్లింది కూడా. 2010 జులై 12న పీఎస్‌ఎల్‌వీ-సి15 మోసుకుపోయిన స్టడ్‌శాట్ అనే ఒక కిలో లోపు బరువున్న ఉపగ్రహాన్ని కర్ణాటక, హైదరాబాదు ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు కలిసి తయారు చేశారు. 2022 ఆగస్టు 7న చిన్న ఉపగ్రహ వాహక రాకెట్టు ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగంలో ఉన్న ఆజాదీశాట్‌ను దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు సిద్ధం చేసిన పరికర భాగాలతో కూర్చారు. రెండో దశ విడిపోయే సమయంలో కలిగిన కంపనం వల్ల వేగాన్ని కొలిచే పరికరాలు తడబడి, ఉపగ్రహాలు వృత్తాకార కక్ష్యకు బదులు భూమికి మరీ దగ్గరగా వచ్చే దీర్ఘవృత్తాకార కక్ష్యలో పడి నిలవలేకపోయాయి. బాలికలు మళ్లీ ప్రయత్నించారు. ఆజాదీశాట్-2 2023 ఫిబ్రవరి 10న ఎస్‌ఎస్‌ఎల్‌వీ రెండో ప్రయోగంలో కక్ష్యను చేరింది. కలాం తరం 1979, 1980లలో పొందిన అనుభవాన్నే బడిపిల్లలు కూడా పొందారు. ఈ ఉదంతం ముందు, పిల్లలు ఇంకా చిన్నవారు, వారికి చూపిస్తే చాలు అన్న వాదన నిలవదు.

ఈ తీరం ప్రత్యేకతను చేతికి అందించగల మరో పాఠం ధ్రువ కక్ష్యది. భూమి ఉత్తర, దక్షిణ ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని ప్రయోగించాలంటే రాకెట్టు నేరుగా దక్షిణానికి సాగాలి. శ్రీహరికోటకు దక్షిణంగా శ్రీలంక భూభాగం ఉండడం వల్ల పీఎస్‌ఎల్‌వీ మొదట ఆగ్నేయ దిశగా సముద్రం మీదికి వెళ్లి, తరువాత దారి మళ్లి దక్షిణానికి తిరుగుతుంది. ఈ మలుపులో ఇంధనం ఖర్చై మోయగల బరువు తగ్గుతుంది, చిన్న రాకెట్టుకు ఈ నష్టం మరీ ఎక్కువ. అందువల్లనే చిన్న రాకెట్లకోసం తమిళనాడులోని కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. ఒక పెద్ద గోళం, దానిమీద భారత తీరం, లంక, ఒక దారం, ఇంధనానికి బదులు లెక్కపెట్టుకునే గోళీలు ఉంటే ఎనిమిదో తరగతి పిల్లలు ఈ నిర్ణయాన్ని తామే తీసుకోగలరు. 44 మీటర్ల పీఎస్‌ఎల్‌వీని, 640 టన్నుల ఎల్‌వీఎం-3ని తల ఎత్తి చూసే పిల్లలకు కలిగే ఆశ్చర్యం విలువైనది. ఆ ఆశ్చర్యం ప్రశ్నగా మారడానికి ఈ దారం, ఈ గోళీలు కావాలి.

ఇటువంటి ప్రదర్శనశాలకు స్థలం కంచె లోపల కంటే బయటే ఉండాలి. సూళ్లూరుపేట రైల్వే స్టేషను, జాతీయ రహదారి ఉన్న పట్టణం. అక్కడి నుంచి సరస్సు మీది రోడ్డు నేరుగా దీవికి పోతుంది. అనుమతిపత్రం, ముందస్తు నమోదు లేకుండా ఏ బడి పిల్లలైనా ఏ పనిరోజునైనా వచ్చి, మళ్లీ మళ్లీ వచ్చి, తాము సగంలో వదిలిన ప్రయోగాన్ని కొనసాగించుకునే చోటు అది కావాలి. పరిశీలించి పక్కన పెట్టిన ఖాళీ మోటారు పెంకులు, కవాటాలు, పాత నియంత్రణ బల్లలు అక్కడికి చేరాలి. యానాదుల దీవి జ్ఞానానికి ఒక గది ఉండాలి, దాన్ని నడిపేవారిలో యానాదులు ఉండాలి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను గురించి, నేడు తుపాను దారిని ముందుగా చెప్పే ఉపగ్రహాల గురించి మత్స్యకారుల పిల్లలకు వారి భాషలో చెప్పాలి. పలకలమీద రాత తెలుగులో, పక్కనే తమిళంలో ఉండాలి. రాష్ట్ర విద్యాశాఖ, ఇస్రో, జాతీయ విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలల మండలి కలిసి కూర్చుంటే ఇది సాధ్యం, వాటిలో ఏ ఒక్కదానికీ ఒంటరిగా సాధ్యం కాదు. 2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15తో శ్రీహరికోట వందో ప్రయోగాన్ని పూర్తి చేసింది. రెండో వంద పూర్తయ్యేలోగా సూళ్లూరుపేటలో ఆ భవనం తలుపులు తెరవాలని ఆ మూడు సంస్థలనూ తీరప్రాంతపు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఇప్పుడే అడగాలి.